తుమ్మితే భయం... ఆపరేషనేమో వాయిదా!

ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆపరేషన్‌తో తగ్గుతుందన్నారు. తేదీ కూడా ఇచ్చారు. ఇంతలో కొవిడ్ వచ్చిపడింది. మరి ఆ తేదీ ఏమైంది?

పెళ్లికి వెళ్తే బాత్రూమ్ ఎటువైపు ఉందో ముందు చూసుకుంటుంది ఆమె. ఆ దగ్గర్లోనే ఓ కుర్చీ వెతుక్కుంటుంది. బస్సెక్కే రోజున పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు ముట్టదు. లేతరంగు చీరలు బీరువా దాటి బయటికొచ్చి చాలా కాలమైంది. చేతిసంచిలో ఒక లంగా, రెండు పాత నూలుచీర ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. మనవడు ఎత్తుకోమని చేతులు చాస్తే ‘నడుం నొప్పిరా కన్నా’ అంటుంది. నిజానికి నడుముకేమీ లేదు. వాణ్ని ఎత్తితే మూత్రం పడిపోతుంది. అదీ సంగతి.

ఈమె ఫలానా అని పేరు చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఉంటుంది. మన ఇంట్లోనే ఉన్నా మనకు తెలియకపోవచ్చు. నడివయసు దాటిన ఆడవాళ్లలో నలుగురికి ఒకరైనా ఎంతోకొంత ఈ ఇబ్బంది పడుతున్నట్టు చాలా దేశాల సర్వేలు చెబుతున్నాయి. వాళ్లలో డాక్టరు దాకా వెళ్లేది కొద్దిమందే. మోకాళ్ల నొప్పుల గురించి అరుగుమీద కూర్చుని గంటసేపు మాట్లాడుకునేవాళ్లు కూడా ఈ విషయం సొంత అక్కాచెల్లెళ్ల దగ్గర ఎత్తరు. ‘ఇంతమంది పిల్లల్ని కన్నాక ఇది మామూలేలే’ అని సర్దుకుపోతారు.

అలా సర్దుకుపోకుండా డాక్టరు గుమ్మం తొక్కిన ఆ కొద్దిమందికి 2020లో ఏం జరిగిందన్నదే ఈ కథనం.

గొట్టం కింద నేల

మూత్రం ఆగకపోవడంలో ప్రధానంగా రెండు రకాలు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, నీళ్లబిందె ఎత్తినా కాస్త పడిపోవడం మొదటిది. దీన్ని ‘స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్’ అంటారు. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసులో ఉండే ఒత్తిడి కాదు, పొట్టలో పెరిగే ఒత్తిడి. ఉన్నట్టుండి తన్నుకొచ్చి, బాత్రూమ్ తలుపు తీసేలోపే అయిపోవడం రెండోది. ఇది ‘అర్జ్’ రకం. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

మొదటి రకం గురించి డాక్టర్లు ఓ పోలిక చెబుతారు. మొక్కలకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టాన్ని కాలితో తొక్కితే ధార ఆగిపోతుంది. కాకపోతే కింద నేల గట్టిగా ఉండాలి. బురదలో తొక్కితే గొట్టం బురదలోకి దిగుతుందే తప్ప నీళ్లు ఆగవు. మన ఒంట్లో మూత్రనాళం ఆ గొట్టమైతే, దాని కిందుండే కండరాలూ పొరలూ నేల. కాన్పుల్లో అవి సాగిపోతాయి. వయసు మీదపడి ముట్లు ఆగిపోయాక ఇంకాస్త వదులవుతాయి. ఒళ్లు బరువు, ఎడతెగని దగ్గు, మలబద్ధకం, రోజూ మోతపనులు... ఇవన్నీ వాటి మీద అదనపు భారం.

ఆ నేలను గట్టిపరచడమే ఆపరేషన్. అమెరికా డాక్టరు జాన్ బర్చ్ 1961లో వివరించిన పద్ధతిలో పొత్తికడుపు కోసి, మూత్రాశయం మెడకు అటూ ఇటూ ఉన్న భాగాన్ని పైకి లాగి కుట్టేవారు. 1990లలో స్వీడన్‌కి చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియా డాక్టరు పీటర్ పెట్రోస్ చేసిన పరిశోధనలతో ఇది చాలా తేలికైంది. సన్నటి ప్లాస్టిక్ దారంతో అల్లిన పట్టీని మూత్రనాళం కింద ఉయ్యాలలా అమర్చడమే కొత్త పద్ధతి. అరగంట పని. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒంట్లోంచే తీసిన కండరపు పొరతో పట్టీ వేసే పద్ధతి కూడా ఉంది.

అరగంట ఆపరేషనే కదా, ఏళ్లు ఆగాల్సిన అవసరం ఏమొచ్చిందనిపిస్తుంది. దీనికి జవాబు కావాలంటే ముందు ఇంగ్లండ్ వెళ్లి రావాలి. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్ఎస్‌లో ఆపరేషన్ కోసం ఎందరు, ఎన్ని నెలలుగా ఎదురు చూస్తున్నారో నెలనెలా లెక్క తీస్తారు. క్యూ ఎంత పొడవుందో అందరికీ కనబడుతుంది.

తాళం మీద తాళం

ఇంగ్లండ్‌లో కొవిడ్ రాకముందే ఈ ఆపరేషన్‌కి ఓ తాళం పడింది. ప్లాస్టిక్ వల వేయించుకున్న ఆడవాళ్లలో కొందరికి అది లోపల ఒరుసుకుని, బయటికి పొడుచుకొచ్చి, కూర్చోలేనంత నొప్పి మొదలైంది. చెప్పుకుంటే ‘అంతా మీ భ్రమ’ అన్న డాక్టర్లూ ఉన్నారు. ఆ బాధితులు ఏళ్లపాటు పోరాడారు. ప్రభుత్వం బారనెస్ జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన విచారణ వేసింది. ఆమె సూచన మీదే 2018 జులైలో, మూత్రం ఆగకపోవడానికి వలపట్టీ వేసే ఆపరేషన్లను చాలావరకు నిలిపేశారు. వేరే దారి లేదన్నవాళ్లకే, అదీ గట్టి నిఘాతో మాత్రమే. దాంతో బరువు పాత పద్ధతి ఆపరేషన్ల మీద పడింది. అవి పెద్దవి, మత్తు పూర్తిగా ఇవ్వాలి, ఆసుపత్రిలో మంచం కావాలి. అవి చేయడం వచ్చిన సర్జన్లూ తక్కువే.

క్యూ అలా నత్తనడక నడుస్తుండగా 2020 మార్చి వచ్చింది. 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. 17న ఎన్‌హెచ్ఎస్ అధిపతి నుంచి ఇంగ్లండ్‌లోని ఆసుపత్రులన్నిటికీ ఉత్తరం వెళ్లింది. అత్యవసరం కాని ఆపరేషన్లన్నిటినీ ఏప్రిల్ 15కల్లా ఆపేయాలి, కనీసం మూడు నెలలు ఆగాలన్నది అందులోని సారాంశం. ఆపరేషన్ థియేటర్లు ఐసీయూలయ్యాయి. మత్తు డాక్టర్లు వెంటిలేటర్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ రోజున ఆపడం తప్పు కాదు. ఆపరేషన్ సమయంలో కొవిడ్ సోకితే ఏమవుతుందో అదే ఏడాది మే నెలలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. 24 దేశాల్లోని 235 ఆసుపత్రుల్లో అలాంటి 1,128 మందిని గమనిస్తే, నెలలోపే దాదాపు 24 శాతం మంది చనిపోయారు. వాళ్లలో అత్యవసర ఆపరేషన్ల వాళ్లే ఎక్కువన్నది నిజమే. అయినా తుమ్మితే మూత్రం పడుతోందని వచ్చిన మనిషిని అంత ప్రమాదంలోకి ఏ డాక్టరు నెడతాడు?

చిక్కు వచ్చింది తర్వాత. తలుపులు మళ్లీ తెరిచాక ఎవరిని ముందు పిలవాలి? బ్రిటన్‌లో సర్జన్ల సంఘాలు జబ్బుల్ని వరసలుగా విడగొట్టాయి. వెంటనే చేయాల్సినవి, నెలలోపు, మూడు నెలలోపు, ఆ పైన ఆగినా పర్వాలేదనుకున్నవి. మూత్రం ఆగని ఆడవాళ్లు నాలుగో వరసలో పడ్డారు. ముందు వరసల్లోకి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కాబట్టి, నాలుగో వరస కదలదు. రేషన్ షాపు దగ్గర నిలబడిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పాలా!

ఇష్టమొచ్చినప్పుడు చేయించుకునేదా?

డాక్టర్ల భాషలో ఇలాంటివాటిని ‘ఎలెక్టివ్ సర్జరీ’ అంటారు. ఇప్పటికిప్పుడు ప్రాణాపాయం లేదు, తేదీ చూసుకుని చేయొచ్చు అని దానర్థం. కానీ ఆ మాట వింటే, రోగి సరదాపడి చేయించుకుంటోందా అనిపిస్తుంది. ఎన్నో రాత్రులు మూడేసిసార్లు లేచి, పక్కబట్టలు మార్చుకుని, గుడికి వెళ్లడం మానేసి, కొడుకింటికి వెళ్లడానికి సాకులు చెప్పి, చివరికి ఒకరోజు డాక్టరు ముందు తల దించుకుని కూర్చున్న మనిషికి ఇందులో ‘ఎంచుకోవడం’ ఎక్కడుంది?

ప్రపంచం మొత్తం మీద లెక్క వేస్తే, కొవిడ్ తొలి ఉద్ధృతిలో పన్నెండు వారాల్లోనే 2 కోట్ల 84 లక్షల ఎలెక్టివ్ ఆపరేషన్లు రద్దవుతాయని లేదా వాయిదా పడతాయని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో 2020లో అంచనా వేశారు. కంటిశుక్లాలు, మోకీళ్లు, హెర్నియాలు, అన్నీ కలిపే. ఆడవాళ్ల జబ్బుల వాటా అందులో ఎలా పెరిగిందో బ్రిటన్‌లోని గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2022 ఏప్రిల్‌లో ఓ నివేదికలో వివరించింది. ఇంగ్లండ్‌లో గైనిక్ చికిత్స కోసం ఏడాదికి మించి ఎదురుచూస్తున్నవాళ్లు మహమ్మారికి ముందు 66 మందే. నివేదిక వచ్చేనాటికి సుమారు పాతికవేలు! బ్రిటన్ మొత్తం మీద గైనిక్ క్యూలో 5.7 లక్షల మంది ఉన్నట్టు తేలింది. ఇందులో మూత్రం సమస్య వాళ్లు ఓ భాగం. గర్భసంచి జారినవాళ్లు, గడ్డలున్నవాళ్లు, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లు మిగతా భాగం. మిగిలిన ఏ విభాగం కన్నా గైనిక్ క్యూయే ఎక్కువ వేగంగా పెరిగిందని కూడా ఆ కాలేజీ చెప్పింది. క్యాన్సర్ కాని గైనిక్ జబ్బులన్నిటికీ ‘బినైన్’, అంటే హాని లేనివి అని పేరు పెట్టడమే వాటిని వెనక్కి నెడుతోందనీ, ఆ మాట మానేయాలనీ కోరింది. 2024లో అదే కాలేజీ మళ్లీ లెక్క తీస్తే క్యూ 7.5 లక్షలు దాటింది. మహమ్మారి అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2023 మేలో. క్యూకి ఆ సంగతి తెలియలేదు!

ఆగడమంటే ఉన్నచోట ఉండిపోవడమూ కాదు. అర్జ్ రకంలో మందులు పనిచేయనివాళ్లకు మూత్రాశయ కండరంలోకి బోటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటి ప్రభావం చాలామందిలో ఆరు నుంచి తొమ్మిది నెలలు. అప్పుడు మళ్లీ వేయించుకోవాలి. 2019 చివర్లో వేయించుకుని ‘హమ్మయ్య’ అనుకున్నవాళ్లకి, మందు దిగిపోయే వేళకి తలుపులు మూసి ఉన్నాయి. వలపట్టీతో గాయపడి దాన్ని తీయించుకోవాల్సినవాళ్లదీ అదే గతి. వాళ్ల గోడంతా రాసిన కంబర్లెజ్ నివేదిక 2020 జులై 8న, సరిగ్గా మహమ్మారి మధ్యలో బయటికొచ్చింది. వల తీసే ప్రత్యేక కేంద్రాలు మొదలైంది 2021 ఏప్రిల్‌లో.

ఈ ‘ఆగొచ్చులే’ అన్న వరసలో ఇంకా దయనీయమైన వాళ్లున్నారు. కాన్పు రోజుల తరబడి కష్టమై, సమయానికి సిజేరియన్ అందక, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడినవాళ్లు. దీన్ని ఫిస్టులా అంటారు. వీళ్లకు తుమ్మక్కర్లేదు, దగ్గక్కర్లేదు. రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. ఇలాంటివాళ్లు ప్రపంచంలో సుమారు అయిదు లక్షల మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆఫ్రికా, ఆసియాల్లోని పేదలే ఎక్కువ. వీళ్ల కోసం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో 1974లో భర్తతో కలిసి ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టిన ఆస్ట్రేలియా డాక్టరు కేథరిన్ హామ్లిన్, 96 ఏళ్ల వయసులో 2020 మార్చి 18న కన్నుమూశారు. ఇంగ్లండ్ ఆసుపత్రులకు ఉత్తరం వెళ్లిన మర్నాడే. ఆ తర్వాతి నెలల్లో చాలా దేశాల్లో ఫిస్టులా ఆపరేషన్లు కూడా ‘ఎలెక్టివ్’ లెక్కలోకే వెళ్లి ఆగిపోయాయి.

మన దగ్గర క్యూ ఏదీ?

ఇక మన సంగతి. 2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్యశాఖ అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయమని ఆసుపత్రులకు సూచించింది. 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. రైళ్లు లేవు, బస్సులు లేవు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కొవిడ్‌కి కేటాయించారు. విశాఖలో విమ్స్, విజయవాడలో ప్రభుత్వాసుపత్రి కూడా కొవిడ్ ఆసుపత్రులయ్యాయి. గాంధీకి వెళ్లాల్సిన మామూలు రోగుల భారం ఉస్మానియా మీద పడింది. ఆ ఏడాది జులైలో వానకి ఉస్మానియా పాత భవనంలోని వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. గాంధీలో మామూలు సేవలు మళ్లీ మొదలైంది నవంబరులో. 2021 ఏప్రిల్లో రెండో ఉద్ధృతి రాగానే మళ్లీ మొత్తం కొవిడ్‌కే. నల్గొండ నుంచో మెదక్ నుంచో మూత్రం సమస్యతో రావాలనుకున్న మనిషి ఈ తారీఖుల మధ్య ఎక్కడ ఇమడాలి?

ఇందాక చెప్పిన బ్రిటిష్ జర్నల్ అంచనాలో మన దేశం వాటా 5.8 లక్షల ఆపరేషన్లకు పైమాటే. కానీ ఇంగ్లండ్‌లో మాదిరిగా, వీళ్లలో ఎవరు ఎంతకాలం ఆగారో చెప్పే చిట్టా మన దగ్గర లేదు. డాక్టరు ‘పరిస్థితులు చక్కబడ్డాక రండమ్మా’ అంటారు. ఆమె ఫైలు ఇంటికి తెచ్చుకుని బీరువాలో చీరల కింద పెడుతుంది. అదే మన వెయిటింగ్ లిస్టు. కొవిడ్ తగ్గాక ఆమెను గుర్తుపెట్టుకుని ఫోన్ చేసేవారెవరు? తనే మళ్లీ ధైర్యం కూడగట్టుకోవాలి. మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. ఈలోపు ఆపరేషన్ కోసం దాచిన డబ్బు ఇంటాయన కొవిడ్ బిల్లుకో, కొడుకు ఉద్యోగం పోయిన నెలల్లో ఇంటి అద్దెకో ఖర్చయిపోయి ఉంటే అడిగే ధైర్యమూ ఉండదు.

లాక్‌డౌన్‌లో ఆ ఇంట్లో పరిస్థితి కూడా ఊహించండి. మగవాళ్లు, పిల్లలు, అందరూ ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే. ఉన్నది ఒక్క బాత్రూమ్. తడిసిన గుడ్డలు ఎవరూ చూడకుండా ఉతికి ఆరేసుకునే మధ్యాహ్నపు ఏకాంతం పోయింది. ఆపైన కొవిడ్ సోకితే చాలామందికి పొడిదగ్గాయె! దగ్గిన ప్రతిసారీ ఆ మనిషి పడ్డ అవస్థ ఏ బులెటిన్‌లోనూ రాలేదు.

మన రెండు రాష్ట్రాలకూ దీంతో ఇంకో ముడి ఉంది. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగేది మన దగ్గరే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. క్యాన్సర్ లేకుండా గర్భసంచి తీయించుకున్నవాళ్లకు, తర్వాతి కాలంలో మూత్రం ఆగడానికి ఆపరేషన్ అవసరమయ్యే ముప్పు రెట్టింపుకు పైగా ఉందని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనమొకటి 2007లో లాన్సెట్‌లో వచ్చింది. అంటే మన పల్లెల్లో ముప్పై అయిదేళ్లకే ‘తీసేస్తే పీడా పోతుంది’ అని తీయించుకున్నవాళ్లు రేపు ఈ క్యూలోకి ఎక్కువగా రావచ్చు.

ఆగిన రోజుల్లో చేసిందేమిటి?

తలుపులు మూసి ఉన్నా కొంత పని జరిగింది. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదలయ్యాయి. డాక్టరు ఫోన్లోనే మాట్లాడి మందు రాసే వీలు కలిగింది. ఎదురుగా కూర్చుని చెప్పలేని మాట ఫోన్లో చెప్పడం కొందరికి తేలికే. ఆ ఫోను కొడుకు చేతిలో లేకపోతే!

ఇక వ్యాయామం. అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే చెప్పింది ఇది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారమైతే ఆపరేషన్ ఆలోచనకు ముందే కనీసం మూడు నెలలు ఇది చేయించాలి. నలుగురిలో ఉండగా గ్యాస్ బయటికి రాకుండా ఎలా బిగపడతామో, ఆ కండరాలను అలా లోపలికీ పైకీ లాగి, కొన్ని క్షణాలు పట్టి ఉంచి, పూర్తిగా వదలాలి. పూటకి ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి చేయకూడదు. టీవీ చూస్తూనో కూర తరుగుతూనో చేసుకోవచ్చు, పక్కనున్నవాళ్లకు తెలియదు. అయితే చాలామంది తెలియక పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు. అందుకే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కసారైనా సరిచూసుకోవాలంటారు డాక్టర్లు. మూడు నెలలు అన్నది మాత్రం మర్చిపోవద్దు. పది రోజులు చేసి ‘ఏం తగ్గలేదు’ అనేవాళ్లే ఎక్కువ.

బరువు తగ్గినా గుణం కనిపిస్తుంది. అమెరికాలో లావుగా ఉన్న 338 మంది ఆడవాళ్లతో జరిగిన పరిశోధన 2009లో అచ్చయింది. ఆరు నెలల్లో సగటున ఎనిమిది శాతం బరువు తగ్గినవాళ్లకు మూత్రం పడిపోవడం 47 శాతం తగ్గింది. బరువు తగ్గించే శిక్షణ లేనివాళ్లలో 28 శాతమే. కాఫీ, టీ తగ్గించమని చెబుతారు. నీళ్లు మానేయమని మాత్రం ఎవరూ చెప్పరు. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి, మంట పుట్టి, ఇంకా తొందరపెడుతుంది. మలబద్ధకం దానికి తోడు.

వీటితో అందరికీ పూర్తిగా తగ్గదు. ఆపరేషన్ కావాల్సినవాళ్లకు ఆపరేషనే కావాలి. మూత్రనాళం గోడలోకి జెల్ లాంటి పదార్థాన్ని ఎక్కించే ఇంజెక్షన్లున్నాయి. పూర్తి మత్తు అక్కర్లేకుండా చేయొచ్చు. పట్టీ ఆపరేషన్ అంత గట్టిగా నిలవకపోవచ్చు, మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాలి. పట్టీ వేస్తామంటే అది ప్లాస్టిక్‌దా, ఒంట్లోంచి తీసిందా, తేడా వస్తే తీయగలరా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మహమ్మారి ఉన్నా లేకపోయినా వాయిదా వేయకూడనివి కొన్నున్నాయి. మూత్రంలో రక్తం కనబడటం, చలిజ్వరంతో మంట, పొత్తికడుపు ఉబ్బి మూత్రం అసలు రాకపోవడం, కాళ్లలో తిమ్మిరీ బలహీనతతో పాటు ఉన్నట్టుండి పట్టు తప్పడం, కాన్పు లేదా గర్భసంచి ఆపరేషన్ అయ్యాక ఆగకుండా కారుతూ ఉండటం. ఇవి నాలుగో వరసవి కావు. వెంటనే వెళ్లాల్సినవి.

బీరువాలో ఫైలు ఇంకా అలాగే ఉన్నవాళ్లు మళ్లీ వెళ్లేముందు చేసుకోదగ్గ పని ఒకటుంది. డాక్టరు ఎలాగూ అడిగేదే. మూడు రోజుల చిట్టా. మనవడి పాత నోట్‌బుక్కులో మిగిలిన కాగితాలు చాలు. ఏ వేళకి ఏం తాగారు, ఎంత తాగారు, ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లారు, ఎప్పుడు పడిపోయింది, అప్పుడేం చేస్తున్నారు. దగ్గారా, నవ్వారా, కుళాయి చప్పుడు విన్నారా... రాత్రి ఎన్నిసార్లు లేచారు. అంతా రాసి ఆ కాగితం బల్ల మీద పెడితే, నోటితో చెప్పడానికి సిగ్గుపడే మాటల్లో సగం డాక్టరే చదువుకుంటారు.